జొన్నల కాగులో చిట్టా

"సాలుకు ఎంత మిగులుతది సేటు?" అని అడిగాడు కళ్లద్దాల మనిషి.

మెట్‌పల్లి బజారులో బట్టల దుకాణం నడిపే ఎవరైనా ఈ ప్రశ్నకు ఒకటే జవాబు చెబుతారు. కైలాసమూ అదే చెప్పాడు.

"ఏం మిగులుతది సార్, పొట్టకూ బట్టకూ ఎల్లుతది."

"ఎదురు దుకాణం నాగయ్యకు పదివేలు మిగులుతయట గద!"

కైలాసం లెక్క తప్పింది అక్కడే.

"నాగయ్యకా? పదివేలా? నాకు నిరుడు పదకొండు వేలు మిగిలినయి. చిట్టాల రాసి పెట్టుకున్న!"

కళ్లద్దాల మనిషి కూడా రాసుకున్నాడు. కోటు జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి, పెన్సిలు మొన నాలుకకు తాకించి మరీ రాసుకున్నాడు. కోటు ఆయనకు కాస్త వదులు. మాట మాత్రం బిగువు. బడిలో పాఠం ఒప్పజెప్పినట్టు ఒక్కో మాటా ఒత్తి పలికాడు. పచ్చంచు చీర ఒకటి అటూ ఇటూ తిప్పి, ధర అడిగి, పద్దెనిమిది అనగానే పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

కాసేపటికి హోటల్ చాంద్‌పాషా చెప్పకుండానే టీ తెచ్చాడు.

"కైలాసం సేట్, ఇన్నవా? కరీంనగర్‌కు కొత్త ఇన్‌కమ్‌టాక్స్ సాబ్ వచ్చిండట. కొనేటోని లెక్క దుకాండ్లల్ల తిరుగుతుండట. జర హుషారుగుండు."

కైలాసం టీ గ్లాసు తాగకుండానే కింద పెట్టాడు.

రెండు నెలల కింద దాఖలు చేసిన రిటర్నులో కైలాసం చూపిన ఆదాయం ఏడువేల రెండు వందలు. దాని మీద రెండువందల అరవై ఎనిమిది రూపాయల పన్ను కట్టి చలాన్ తెచ్చుకున్నాడు. మిగిలిన మూడువేల ఎనిమిది వందలు ఎర్రబట్ట చుట్టిన రెండో చిట్టాలో ఉన్నాయి. ఆ చిట్టా వంటింట్లో, జొన్నల కాగులో, అడుగున ఉంది.

ఈ ఉపాయం భైంసాలో పత్తి వ్యాపారం చేసే తోడల్లుడు నేర్పింది. బజారులో జీపు ఆగితే చాలు, కైలాసం చిట్టా చంకన పెట్టుకొని వంటింట్లోకి ఉరికేవాడు. మూడేళ్లుగా ఇదే పని. మొన్న రొట్టెలో చిట్టా దారం వచ్చింది.

"జొన్నలు తీయవోతె లెక్కలు చేతికొస్తున్నయి. ఇది వంటిల్లా, కచ్చేరీయా?" అంది భార్య నర్మద. కైలాసం నవ్వేశాడు.

ఇప్పుడు నవ్వు రాలేదు.

"నర్మదా, కొంప మునిగింది. జుర్మానా ఏస్తరు. దుకాణానికి తాళం ఏస్తరు. నాగయ్య ముందర తలకాయ ఎట్ల ఎత్తాలె?"

"గాయనకు ఎంత చెప్పినవు?"

"పదకొండు వేలు."

"చిట్టాల ఉన్నదే చెప్పినవు గద. సర్కారుకు దాచింది తొవ్వన పోయేటోనికి చెప్పవడితివి! సరే, తప్పు రాస్తె దిద్దుకునుడు ఉండదా? వాళ్లు పిలువకముందే మనమే పోతె? రామచంద్రం వకీలును అడుగరాదు."

తెల్లారి మొదటి బస్సుకు కైలాసం కరీంనగర్ వెళ్లాడు. ఉతికిన అంగీ నర్మద అప్పటికే తీసి పెట్టింది.

రామచంద్రం వకీలు రెండు చిట్టాలూ పక్కపక్కన పరిచి చూశాడు.

"వాళ్లు పిలువకముందే వచ్చినవు, మంచిగైంది. సవరించిన రిటర్ను ఇద్దాం. మొత్తం పన్ను ఆరువందల తొంభై."

"అంటే మల్ల మొత్తం కట్టాల్నా? పోయినసారి కట్టింది బూడిదల పోసినట్టేనా?"

"ఎట్ల పోతది? పాత చలాన్ చూపెడితె కట్టింది తీసేసి మిగిలింది కడుతవు. తెచ్చినవా?"

కైలాసానికి ఆ సంగతే తోచలేదు. అయోమయంగా జేబు తడిమాడు. నాలుగు మడతలు పెట్టిన కాగితం తగిలింది. పాత చలానే!

"మా ఇంటామె పెట్టినట్టుంది."

"అదృష్టవంతునివి. రెండువందల అరవై ఎనిమిది పోతె, నాలుగువందల ఇరవై రెండు. ముందుగాల బ్యాంకుల కట్టి రా. రెండు చలాన్లు జతచేసి రిటర్ను ఇస్తెనే లెక్క ముట్టినట్టు."

కట్టాడు. నోట్లు ఒక్కొక్కటే కౌంటరు అవతలికి పోతుంటే పంటి నరం పీకినట్టయింది. ఆఫీసులో గుమాస్తా రిటర్ను తీసుకొని ముద్ర వేసి రసీదు చేతిలో పెట్టాడు. కళ్లద్దాలాయన ఎక్కడా కనబడలేదు. ఇంకో ఊళ్లో ఇంకో కైలాసాన్ని పట్టుకోవడానికి పోయి ఉంటాడనుకున్నాడు.

బస్సులో మళ్లీ లెక్క వేసుకున్నాడు. పోయింది నాలుగువందల ఇరవై రెండు, బస్సు కిరాయి, వకీలు ఫీజు. వచ్చింది ఏమిటో జగిత్యాల దాటాక తెలిసింది. ఎదురుగా సర్కారు జీపు వస్తే గుండె దడదడలాడలేదు.

ఇంటికి రాగానే దుకాణం సరుకు చూసుకున్నాడు. పచ్చంచు చీర లేదు.

"అది పోయింది. మంచి బేరమే కుదిరింది" అంది నర్మద.

కైలాసానికి ముచ్చటేసింది. ఎర్రబట్ట విప్పి దుకాణం దుమ్ము తుడవడానికి వేశాడు. రెండు చిట్టాలనూ గల్లాపెట్టె మీద బాహాటంగా పెట్టాడు. వేడి జొన్నరొట్టెలు మూడు తిని గద్దె మీద వాలాడు. బజారులో జీపు ఆగింది. కైలాసం గురక ఆగలేదు.

సరిగ్గా ఆ వేళకు పెరటి తలుపు దగ్గర నర్మద, నస్పూర్ బొగ్గుగని కార్మికుల నాటకాల్లో తాసీల్దారు వేషం కట్టే భూమన్న కళ్లద్దాలు తీసి తుడుచుకుంటుంటే, ఆయన చేతిలో పచ్చంచు చీర పెట్టి, "ఆ కోటు అప్పుడే వాపసు ఇయ్యకే అన్నా, వచ్చే వారం భైంసల మా అక్కోళ్ల దుకాణానికి గూడ పోవాలె" అంది.