పిలిస్తే పలికేవాడు

"తమ్ముడూ!" అని గుమ్మంలోనే గట్టిగా కేకేసింది తల్లి.

కూతురికి ప్రాణం ఉసూరుమంది. దారి పొడుగునా నోరు మెదపకుండా కూర్చున్న మనిషి, సరిగ్గా ఈ మతిమరుపు పెద్దల హోమ్ చూడ్డానికి లోపల అడుగు పెట్టేసరికి మొదలెట్టింది.

"మామయ్య ఎప్పుడో పోయాడమ్మా" అంది కూతురు, పాఠం అప్పజెప్పినట్టు.

ఇంట్లో రోజంతా ఇదే వరస. తల్లి తమ్ముణ్ణి పిలుస్తుంది. పోయాడని కూతురు చెబుతుంది. ఆ చావు కబురు అప్పుడే విన్నట్టు తల్లి గుండెలు బాదుకుంటుంది. కాసేపటికి అంతా మరిచిపోయి మళ్ళీ పిలుస్తుంది.

మొదట్లో కూతురు కూడా ఏడ్చేది. ఇప్పుడు ఆ ఏడుపు వింటూనే కూరగాయలు తరిగేస్తోంది. తన గుండె ఎప్పుడు మొద్దుబారిందో ఆమెకే తెలీదు.

"ఏంటక్కా?" అంటూ హాల్లోంచి ఒక ముసలాయన వచ్చాడు.

రబ్బరు చెప్పులు, నలిగిన చొక్కా, భుజం మీద తువ్వాలు.

తల్లి ముఖం విప్పారింది. "ఎక్కడికెళ్ళావురా? అన్నం తిన్నావా?"

"నువ్వు పెట్టందే ఎప్పుడు తిన్నానక్కా?"

"చాల్లే వేషాలు!" అని తల్లి నవ్వింది.

ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. అయినా కూతురికి ఏమీ అనిపించలేదు.

పెద్ద నర్సు తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, మేడ మీది గదుల తాళాలు తేవడానికి వెళ్ళింది. కూతురు హాలు చూస్తూ నిలబడింది. పక్కలు శుభ్రంగానే ఉన్నాయి. కిటికీలకి గ్రిల్స్ ఉన్నాయి.

"ఏమండీ, నా కళ్ళజోడు కనబడట్లేదు" అంది మూలనున్న ముసలావిడ.

"నీ నెత్తి మీదే ఉంది, చూసుకోవే" అన్నాడు అదే ముసలాయన.

"డ్రైవర్!" అని చక్రాల కుర్చీలోంచి ఒక పెద్దమనిషి గద్దించాడు.

"బండి సిద్ధం సార్. మీరు మేజోళ్ళు వేసుకోవడమే తరువాయి."

పెద్దమనిషి దర్జాగా కాళ్ళు చాపాడు. ముసలాయన కింద కూర్చుని మేజోళ్ళు తొడిగాడు.

కూతురికి విషయం అర్థమైపోయింది. పాపం, ఈయనకి మతిమరుపు అందరికన్నా బాగా ముదిరింది. తనెవరో తనకే తెలీదు.

ఈసారి ఆయన పాలల్లో నానబెట్టిన బిస్కెట్టు తెచ్చి తల్లి నోటికి అందించాడు. ఇంట్లో బతిమాలినా నోరు తెరవని మనిషి, గుటుక్కున మింగింది.

ఆయన రెండో ముక్క పెట్టగానే కూతురు గబుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, ఈయన మామయ్య కాదు, ఇక్కడి పేషెంటు. మామయ్య చచ్చిపోయాడు."

ఆ ముక్క తల్లి నోట్లోనే ఉండిపోయింది. ఏడుపు మొదలైంది.

"ఇప్పుడేగా నవ్విందమ్మా" అన్నాడు ముసలాయన మెల్లగా. "ఇంకాసేపు నవ్వనివ్వాల్సింది."

"మీరెళ్ళి మీ మంచం మీద కూర్చోండి బాబాయ్."

ఆయన నొచ్చుకోలేదు. "సరేనమ్మా" అని తువ్వాలుతో తల్లి మూతి తుడిచి, ఎదురుగా ఖాళీగా ఉన్న మంచం మీద బుద్ధిగా కూర్చున్నాడు.

కూతురు మేడ మీది గదులు చూడనే లేదు. బయటికొచ్చి భర్తకి ఫోన్ చేసింది.

"ఇది మాత్రం వద్దండీ. ఒక పేషెంటు ఇంకో పేషెంటుకి తినిపిస్తున్నా అడిగే దిక్కు లేదు."

రెండో హోమ్‌లో నేల అద్దంలా ఉంది. గోడ మీద పెద్ద అక్షరాలతో ఆ రోజు వారం, తేదీ రాసి ఉన్నాయి.

"మేం పేషెంట్లకి అబద్ధాలు చెప్పం మేడమ్. అడిగిన ప్రతిసారీ ఉన్నది ఉన్నట్టే చెబుతాం" అన్నాడు మేనేజరు.

తను చేస్తున్నదీ అదేగా. కూతురికి అది నచ్చింది. అక్కడే చేర్పించింది.

కొన్నాళ్ళకి మేనేజరు ఎదురొచ్చి మరీ చెప్పాడు. "గుడ్ న్యూస్ మేడమ్! అమ్మగారు తమ్ముణ్ణి పిలవడం పూర్తిగా మానేశారు."

"మరి ఏం మాట్లాడుతోంది?"

"ఏమీ మాట్లాడట్లేదు."

తల్లి ఉతికిన చీరలో, గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. ఆయా పెడుతున్న చెంచా నోటి దాకా వెళ్తోంది గానీ పెదాలు విడడం లేదు.

కూతురు పక్కన చేరి, గొంతు తగ్గించి, "అక్కా" అంది.

తల్లి చటుక్కున తిరిగింది. కూతురి మీదుగా గుమ్మం వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. మళ్ళీ గోడ వైపు తిరిగిపోయింది.

ఎన్నాళ్ళకో కూతురికి గుండెల్లో నొప్పి తెలిసింది. కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. నేరుగా మొదటి హోమ్‌కి వెళ్ళింది.

"అమ్మని ఇక్కడికే తెచ్చేస్తాను. ఎవరు పిలిచినా పలికే ఆ పేషెంటు ఉన్నారా?"

పెద్ద నర్సు తల దించుకుంది. "క్రితం నెల పోయారమ్మా. నిద్రలోనే."

"ఏమండీ... ఏమండీ..." అని హాల్లో ముసలావిడ పిలుస్తూనే ఉంది. ఎవరూ పలకడం లేదు. చక్రాల కుర్చీ పెద్దమనిషి కాళ్ళకి మేజోళ్ళు లేవు.

"ఆయన ఏ గదిలో ఉండేవారు?"

"గదేమిటమ్మా? ఆయన పేషెంటు కాదు. ఇల్లు వెనక వీధిలోనే. రోజూ పొద్దున్నే వచ్చేవారు."

"ఎవరి కోసం?"

"మొదట్లో వాళ్ళమ్మ కోసం. ఆవిడ పోయాక వీళ్ళందరి కోసం" అంటూ నర్సు ఆ ఖాళీ మంచం కేసి చూసింది. "వాళ్ళమ్మ ఈ మంచం మీదే ఉండేది. చనిపోయిన పెద్దకొడుకునే కలవరిస్తూ పిలిచేది. చివరిదాకా 'వచ్చానమ్మా' అని పలికింది మాత్రం ఆవిడకి గుర్తేలేని చిన్నకొడుకు, ఈయన."