పదకొండో పేరు

ఐలయ్య జబ్బుకు ఈ నెల పదకొండో పేరు వచ్చింది. గోడ మీది డాక్టరు పెట్టె పొద్దున్నే ఆ సంగతి చెప్పి, చికిత్సకు తలకు పెట్టుకునే పాత టోపీ ఇక చెల్లదంటూ కొత్తది చేతికిచ్చింది.

"ముందటి పేరుకు అన్నీ యాది చేసుకొమ్మన్నవ్. పోయిన పేరుకు అన్నీ మర్చిపొమ్మన్నవ్. ఈ పేరుకేంది?" అంది ఆయన భార్య సులోచన.

"ఈసారి పట్టించుకోకపోవడమే చికిత్స అమ్మా," అంది పెట్టె.

ఐలయ్య రైలింజను నడిపేవాడు. ఇరవై ఏళ్ల కింద ఒకరోజు, ఎంత కూత పెట్టినా పట్టాల మీది మనిషి తప్పుకోలేదు. ఆనాటి నుంచి ఈ ఇంట్లో కుక్కర్ కూసింది లేదు. అది కూయబోయే ముందే సులోచన గరిటెతో విజిల్‌ను ఎత్తి పట్టేది.

టోపీ పెట్టిన గంటకు, పరీక్ష కోసం కుక్కర్‌ను కూయనిమ్మంది పెట్టె. కూసింది. ఐలయ్య తాపీగా చాయ్ తాగుతూనే ఉన్నాడు. సులోచన మాత్రం చెవులు మూసుకుని, వంటింటి గోడకు జారగిలబడి వణికిపోతోంది.

పెట్టె తన కెమెరా కన్ను ఆమె వైపు తిప్పింది. "మీకిది ఎన్నాళ్లుగా ఉందమ్మా?"

"మా ఆయనకు ఎప్పటిసంది ఉన్నదో నాకూ అప్పటిసందే. ఏనాడన్న అడిగినవా?"

"అయితే మీకూ ఒక పేరు..."

ఐలయ్య టోపీ తీసి పెట్టె కన్నుకు తగిలించి, గరిటె అందుకున్నాడు.

"పేరు నువ్వు నిమ్మలంగ ఎతుక్కో. రెండో కూత నేనాపుత."