మాబ్లణ్ణ గురక

మేనేజరు కుర్చీలో కూర్చున్న మూడో వారానికే అభినందన్‌కి తప్పు చేసినవాడొకడు దొరికాడు.

తమ కంపెనీకి పనిచ్చే మంగళూరు బ్యాంకు మేడమ్ ఫిర్యాదు పంపింది. సోమవారం పొద్దున కాల్‌లో తాము మాట్లాడుతుంటే మీ మనిషి గురకపెట్టి నిద్రపోయాడని. స్పీకరు ఫోన్‌లో గదంతా విన్నామని. ఎవరని గద్దిస్తే ‘నేనే, హెగ్డేని, క్షమించండి’ అన్నాడని.

ఆ కాల్‌లో అభినందన్ కూడా ఉన్నాడు. ఇంటినుంచి, పసిపిల్ల ఏడుపుల మధ్య వినడంవల్ల ఆ గురక తన చెవిన పడలేదనుకున్నాడు.

మహాబలేశ్వర హెగ్డే యాభై దాటినవాడు. సిర్సీ దగ్గర పోకతోటలో ఇల్లు, అక్కణ్ణించే పని. బెంగళూరు ఆఫీసులో అందరికీ మాబ్లణ్ణ. మీటింగుల్లో అతని వెనకాల దూలానికి వేలాడే పోకగెల కనిపించేది.

“అది ఆఫీసా, గోదామా?” అని అభినందన్ ఒకసారి అందరిముందూ అడిగాడు.

“రెండూను సార్,” అన్నాడు హెగ్డే.

అందరూ నవ్వారు. అభినందన్ నవ్వలేదు.

అభినందన్‌కి పాప పుట్టిందని తెలిసి, బాలింతకి మంచిదంటూ హెగ్డే ఒక డబ్బా జోనిబెల్లం పంపాడు. పాకంలా జారే ఆ బెల్లం అభినందన్ ఇంటికి చేరలేదు. కాకా పట్టడం అప్పుడే మొదలెట్టాడనుకుని, డబ్బాని ఆఫీసు వంటగది అలమారలో పైకి తోసేశాడు.

ఫిర్యాదు చూసి హెచ్చార్ పూర్ణిమ అంది: “ముందు ఆయనతో ఒంటరిగా మాట్లాడండి. ఏం జరిగిందో అడగండి. విన్నాక, హెచ్చరిక ఇవ్వాలో ఏం చెయ్యాలో చూద్దాం.”

“వినడానికేముంది మేడమ్? గురక బ్యాంకువాళ్ళే విన్నారుగా.”

“ఇన్నేళ్ళలో ఆయనమీద ఒక్క మాట రాలేదు.”

“ఇన్నేళ్ళూ నిద్రే పోయుంటాడు. మాటెలా వస్తుంది?”

“మొన్నటి వానలకి ఆయన తోట కుళ్ళిపోయింది. ఇల్లు ఈ జీతంమీదే నడుస్తోంది. ఆ ఊళ్ళో కూర్చుని చేసే పని ఇంకెవరూ ఇవ్వరు.”

“అంత అవసరం ఉన్నవాడు మెలకువగా ఉండాలి.”

అభినందన్ ఒంటరిగా కాదు, టీమందర్నీ కాల్‌లోకి పిలిచాడు.

“హెగ్డే, సోమవారం నిద్రపోయింది నువ్వేనా?”

హెగ్డే ఒక్క క్షణం తెరలోకి చూశాడు. “మేడమ్‌కి చెప్పాను కదా సార్. నేనే.”

“పొద్దున్నే భోజనం ఎక్కువైందా, తోటగాలి చల్లగా తగిలిందా?”

ఈసారి ఎవరూ నవ్వలేదు.

“సార్, ఒక్క మాట,” అంది సుచేత, టీములో అందరికన్నా చిన్నది. “మాట్లాడేవాళ్ళ పేరు చుట్టూ గీత వెలుగుతుంది కదా, ఆరోజు—”

“నువ్వు మ్యూట్‌లో ఉండు.”

“వదిలెయ్ సుచేతా,” అన్నాడు హెగ్డే మెల్లగా.

“చూశారా, తనకే సిగ్గుగా ఉంది.” అభినందన్ గొంతు సవరించుకున్నాడు. “ఇంటినుంచి పనంటే మంచం మీద జీతమనుకుంటారు ఇలాంటివాళ్ళు. బ్యాంకు పోతే నా కుర్చీ పోతుంది. నీకేం, ఆవుల్ని మేపుకుంటావు. సాయంత్రంలోగా రాజీనామా పంపిస్తావా, నన్నే పీకెయ్యమంటావా?”

“పంపిస్తాను సార్. పాప ఎలా ఉంది?” అన్నాడు హెగ్డే.

“ఆ కాకా ఇంక పనిచెయ్యదు.”

సాయంత్రానికి రాజీనామా వచ్చింది. వచ్చిన నిమిషంలోనే అభినందన్ ఆమోదించేశాడు. బ్యాంకు మేడమ్ మెచ్చుకుంది. పై అధికారి బొటనవేలి బొమ్మ ఒకటి పంపాడు.

ఆ బొమ్మని మళ్ళీ మళ్ళీ చూసుకుంటూ ఇంటికెళ్ళాడు.

“ఈరోజు ఒకణ్ణి పీకేశాను,” అన్నాడు జొన్నరొట్టె విరుస్తూ.

“ఎవర్ని?” అంది సంపద, పాపని భుజాన వేసుకుని వీపు తడుతూ.

“సిర్సీ హెగ్డే అని ఒక ముసలాడు. సోమవారం బ్యాంకు కాల్‌లో గురకపెట్టాడు.”

భార్య చెయ్యి పాప వీపుమీదే ఆగింది.

“సోమవారం గురకపెట్టింది మీరు.”

“నేనా?”

“పాపని గుండెమీద పడుకోబెట్టుకుని కాల్‌లో కూర్చున్నారు కదా. ఇద్దరూ నిద్రపోయారు. నేనొచ్చేసరికి కాల్‌లో ఎవరో ఆవిడ ఎవరా గురక అని అరుస్తోంది. మిమ్మల్ని లేపేలోపే ఒకాయన ‘నేనే, హెగ్డేని’ అన్నాడు. గబగబా మీ మైకు ఆపేశాను.”

“నేను కళ్ళు మూసుకుని వింటున్నాను.”

“అవును. గురకపెడుతూ.”

రొట్టెముక్క నోటిదాకా వెళ్ళి మళ్ళీ కంచంలోకి దిగింది.

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“చెప్పేదాన్నే. ఆ సాయంత్రం ఆయనే మీకు ఫోన్ చేశాడు. మీరు మళ్ళీ నిద్రలో ఉంటే నేనెత్తాను. బెల్లం తింటున్నావా తల్లీ అని అడిగాడు. ఏ బెల్లం అన్నాను. ఏం లేదులే అని మాట మార్చేశాడు.”

పాప కదిలింది. సంపద మళ్ళీ వీపు తట్టడం మొదలుపెట్టింది.

“తర్వాత, ‘చంటిపిల్ల తండ్రికి నిద్రెక్కడిదిలే, ఈ సంగతి మాత్రం సార్‌కి చెప్పకమ్మా, కొత్త కుర్చీ, తెలిస్తే మా మొహాలు చూడలేడు’ అన్నాడు.”