హెండ్రిక్ దొరగారి వంశం

“మీ పూర్వీకులు హెండ్రిక్ గారు పద్దెనిమిది వందల ఇరవైల్లో మా భీమిలిలోనే ఉన్నారు కదా మేడమ్?” అన్నాడు డాక్టర్ హేమచంద్ర, నిశ్చితార్థానికి వచ్చినవాళ్ళందరికీ వినబడేలా.

పెళ్ళికొడుకు యాన్ మేనత్త విల్హెల్మినా తలూపింది. హాలెండ్‌లో పాత చర్చిలన్నీ తిరిగి తమ వంశం కూపీ లాగింది ఆవిడే. యాన్, హేమచంద్ర కూతురు రుచిత సిడ్నీలో ఒకే బ్యాంకులో వై-టూ-కే కంప్యూటర్ తప్పులు సరిచేస్తూ ప్రేమించుకున్నారు.

ఇంకో తండ్రయితే డచ్చి అల్లుడని బెంగపడేవాడు. హేమచంద్ర పొంగిపోయాడు. పదేళ్ళుగా సిడ్నీ హారిస్ పార్క్‌లో ఏ తెలుగువాడు ఎదురైనా తన పిల్లికళ్ళు చూపించి, “మాది డచ్చి రక్తమండీ. భీమిలి దొర మా మూలపురుషుడు” అనేవాడు. కొత్తగా దిగిన కంప్యూటర్ కుర్రాళ్ళను “వై-టూ-కే బ్యాచ్” అని ఈసడించేవాడు.

“ఆ హెండ్రిక్ గారే మా దొర!” అన్నాడిప్పుడు. “మా పిల్ల మళ్ళీ మా వాళ్ళింటికే వెళ్తోంది!”

అందరూ చప్పట్లు కొట్టారు. భార్య శాంతి మాత్రం “ఇక చాల్లెండి” అని మోచెయ్యి లాగింది.

శాస్త్రిగారు పంచాంగం మూశారు. “డాక్టరుగారూ, ఆ దొర మీకు తండ్రివైపా, తల్లివైపా?”

“తండ్రివైపే! అంతా మగ సంతానమే.”

“మరి అబ్బాయికి?”

రుచిత యాన్‌ని అడిగింది. “వాళ్ళకీ ఫాదర్స్ సైడేనట అంకుల్.”

“అయితే మీరిద్దరూ అన్నాచెల్లెళ్ళ వరసమ్మా. తాంబూలాలు నేను మార్పించలేను.”

వెనక వరసలో కంప్యూటర్ కుర్రాళ్ళు ఒకళ్ళనొకళ్ళు గిల్లుకున్నారు.

“డాడ్, ఈజ్ హీ సీరియస్?” రుచిత కళ్ళు నిండాయి.

“ఎప్పటిదో తాతలనాటి సంగతి శాస్త్రిగారూ. చూసీ చూడనట్టు పోనిద్దురూ!”

“ఎన్ని తరాలైనా రక్తం పలచబడదని, వెళ్ళిన ప్రతి పెళ్ళిలోనూ చెప్పింది మీరే కదండీ.”

హేమచంద్ర శాంతి వైపు చూశాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. యాన్ తొడిగిన ఉంగరాన్ని రుచిత మెల్లగా తీయబోయింది.

హేమచంద్ర మొహం తుడుచుకుని లేచి నిలబడ్డాడు.

“మాకసలు ఏ దొరా లేడండీ.”