పసుపుపచ్చ స్కూటర్

"నాకు చిన్నదే గావాలె సార్," అన్నాడు బాలనర్సయ్య మూడోసారి.

ప్రొడక్షన్ మేనేజర్ సూర్యప్రకాశరావుకు ఒళ్లు మండింది. జూబ్లీహిల్స్‌లో నిర్మాత గారింటి ఈతకొలను గట్టున రెండు యంత్రాలు పక్కపక్కనే ఉన్నాయి. నీళ్ల అడుగున నడిచే స్కూటర్లు. పిడి పట్టుకుని మీట నొక్కితే ఫ్యాను తిరిగి మనిషిని ముందుకు లాక్కుపోతాయి. పెద్దది నల్లగా నిగనిగలాడుతోంది. చిన్నది పసుపుపచ్చగా, పిల్లలు ఆడుకునే బొమ్మలా ఉంది.

వచ్చే నెల విశాఖ సముద్రంలో, ముప్పై అడుగుల లోతున, వీపులకు గాలి సిలిండర్లు కట్టుకుని హీరో విలన్‌ను తరమాలి. విలన్‌కు డూప్ బాలనర్సయ్య. హీరో సుహాస్‌కు డూప్ లేడు. ఆ సంగతి సినిమా ప్రారంభం రోజున అతనే మైకులో చెప్పాడు. పోస్టర్ల మీదికీ ఎక్కింది.

"ఇరవై ఏళ్లుగా మేడల మీంచి దూకినవాడివి. ఈ బొమ్మ పట్టుకుంటే హాల్లో నవ్వుతారయ్యా!"

"నవ్వనీయుండ్రి. గా పెద్దది చెయ్యి జారిందంటే బరువుకు అడుక్కి పోతది. గిది వదిలితే ఆగుతది, దానంతట అదే పైకి తేలుతది. పట్టుకున్నోణ్ని గూడ పైకి తెస్తది."

"నిన్ను పైకి తేవడానికి ఓ యంత్రమా? నడి చెరువులో దూకి ఈదుకుంటూ వచ్చినవాడివి!"

"గప్పటి ముచ్చట వేరే సార్. ఇప్పుడు భయమైతుంది."

లైట్‌బాయ్‌లు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు.

సూర్యప్రకాశరావు అతణ్ని పక్కకు లాగాడు. "ఆ మాట పైకి అంటావేంటి? సాయంత్రానికి ఫిల్మ్‌నగర్ టీ బండ్ల దాకా పాకుతుంది. ఇక నిన్నెవరు పిలుస్తారు? నిర్మాత గారైతే చెన్నై నుంచి ఇంకొకణ్ని దింపమంటారు."

"దింపుకోండ్రి. ఎవరు దిగినా చిన్నదే ఇయ్యుండ్రి."

"ఏం మొండివాడివయ్యా!"

గొడుగు నీడలో కూర్చున్న సుహాస్ లేచి వచ్చాడు. ఉంగరాల జుట్టు పొడిగా, పొద్దున దువ్విన దువ్వు చెదరకుండా ఉంది. తడిస్తే మధ్యాహ్నం షాటుకు అతకదని వారం రోజులుగా రిహార్సల్‌కు కూడా గట్టు దిగలేదు. పని మీద అంత శ్రద్ధ.

"పోనీలెండి మేనేజర్ గారూ, పెద్దాయన. నాక్కూడా చిన్నదే తెప్పించండి. ఇద్దరివీ ఒకేలా ఉంటాయి."

"మీ ఇమేజ్ దెబ్బతింటుంది బాబూ."

"నా ఇమేజ్ కోసం ఆయన్ని కష్టపెట్టొద్దు."

సూర్యప్రకాశరావు అతని వంక మెచ్చుకోలుగా చూశాడు. పాతికేళ్ల కుర్రాడు, ఒక ముసలి డూప్ పరువు కాయడానికి తన గొప్ప తగ్గించుకుంటున్నాడు! అప్పటికప్పుడే మాదాపూర్‌కు ఫోన్ చేశాడు. అక్కడ సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతూ సరదాకు సినిమా తీస్తున్న నిర్మాత రఘునందన్ గారు కాసేపు విసుక్కున్నారు. పెద్దవి స్పీడుగా వెళ్తాయి కదా, దీనికి అంత భయమేంటి అన్నారు.

"బాలనర్సయ్యకు వయసైందండీ. నా మాట మీద చిన్నవి ఖాయం చేయండి," అన్నాడు సూర్యప్రకాశరావు. ఆ తర్వాత చాలాసేపు బతిమాలాడు. చివరికి సరేననిపించాడు.

భోజనాల వేళ అందరూ ఇంటి ముందు షామియానా కింద చేరారు. బాలనర్సయ్య కనిపించలేదు. అందరి ముందూ నవ్వులపాలై అన్నం మానేశాడేమోనని సూర్యప్రకాశరావుకు మనసు చివుక్కుమంది. అతనికి ఇష్టమని గోంగూర పచ్చడి కాస్త ఎక్కువే వేయించి, పళ్లెం తీసుకుని తానే వెనక్కి నడిచాడు.

కొలను దగ్గర నీళ్లు చిలికిన చప్పుడు. మల్లెపొద పక్కన ఆగిపోయాడు.

బాలనర్సయ్య నడుము లోతు నీళ్లలో నిలబడి, అరచేతులు రెండూ నీళ్లలో చాచి ఉన్నాడు.

"కండ్లు తెరువు బాబూ. జర కాళ్లాడియ్యి. ఫికర్ చెయ్యకు, ఎవ్వరికీ చెప్ప. నేనుండగ నువ్వు మునగవు."

ఆ అరచేతుల మీద బోర్లా తేలుతున్నది హీరో.