పురుటి చీర

బాలింత అత్తగారు మహాలక్ష్మమ్మ పళ్ళెం ముందుకు చాపగానే నర్సు సుభద్రమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది.

పళ్ళెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, వాటి కింద ఎర్రంచు పొందూరు చీర. గుడ్డకి కార్డులు పట్టుకుని జనం బారులు తీరుతున్న రోజుల్లో అటువంటి చీర సంపాదించడం నరసన్నపేట మొత్తానికి ఈ బియ్యం షావుకారింటికే చెల్లింది.

"వద్దమ్మా. మాకు గవర్నమెంటు జీతం ఇస్తన్నాది. ఇలాంటివి పుచ్చుకోకూడదని రూలు," అంది సుభద్రమ్మ.

పురిటి స్నానానికి వచ్చిన చుట్టాలంతా మాటలు ఆపి ఇటు తిరిగారు. పురుడు పోసిన చెయ్యి వట్టిగా గడప దాటితే పసివాడికి మంచిది కాదని వాళ్ళ నమ్మకం. రూలు సంగతి అక్కడ ఎవరికీ పట్టలేదు.

నిజానికి రూలు సంగతి సుభద్రమ్మకీ ఎప్పుడూ అంతగా పట్టలేదు. కిందటి నెల ఒకరింట్లో గుమ్మడికాయ, ఇంకొకరింట్లో అరిసెలు మారుమాట్లాడకుండా పుచ్చుకుంది. పుచ్చుకోలేనిది ఈ చీర ఒక్కటే.

పదకొండు రోజుల కిందట మిట్టమధ్యాహ్నం ఈ ఇంటి కోడలు పార్వతీదేవికి నొప్పులు వస్తున్నాయంటే సుభద్రమ్మ పెట్టె పట్టుకుని వచ్చింది. అప్పటికే గదిలో కూర్చుని ఉన్న ముసలి మంత్రసాని చిన్నతల్లిని, ఇక్కడ నీ పని లేదు, పెరట్లో నీళ్ళు కాచమని పంపించేసింది. తలుపులు వేసుకుంది. తీరా చూస్తే బిడ్డ ఎదురుకాళ్ళతో వస్తున్నాడు. నేర్చుకున్నదంతా ఎటు పోయిందో, ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. కళ్ళు తిరిగి గోడవార కూలబడిపోయింది.

తెలివి వచ్చేసరికి బిడ్డ ఏడుస్తున్నాడు. పెరటి తలుపు తోసుకుని ఎప్పుడొచ్చిందో చిన్నతల్లి, మోచేతుల దాకా నెత్తురుతో ఉంది. బొడ్డు నువ్వు కొయ్యమ్మా అని కత్తెర సుభద్రమ్మ చేతిలో పెట్టి, చేతులు కడుక్కోడానికి వెళ్ళిపోయింది. కాసేపటికి ఇంట్లోవాళ్ళు వచ్చి చూస్తే బిడ్డ నర్సు చేతుల్లో ఉన్నాడు. చెప్పేద్దామనుకుంది. కానీ బిడ్డని గుడ్డలో చుట్టి మహాలక్ష్మమ్మ చేతిలో పెట్టేసి ఊరుకుంది. ఆ నొప్పుల్లో పార్వతీదేవికి ఒంటి మీద స్పృహ ఉండి ఉండదని ఆనాటి నుంచీ తనకు తానే సర్ది చెప్పుకుంటోంది.

"నేను చేసిందేమీ లేదమ్మా," అంది ఇప్పుడు. అంతకన్నా నిజం ఆ ఇంట్లో ఆ పూట ఎవరూ మాట్లాడలేదు.

చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. ఇంత అణకువ ఈ కాలంలో ఎక్కడుందన్నారు. మహాలక్ష్మమ్మ కొడుకు, పసివాడి తండ్రి నగరేశ్వరరావు కల్పించుకుని, ఇలాంటి మనిషిని గురించి జిల్లా బోర్డు ప్రెసిడెంటు గారికి తానే స్వయంగా రాస్తానన్నాడు. ఇంకొక్కసారి వద్దంటే పల్లకీ ఎక్కించి ఊరేగించేలా ఉన్నారు.

మహాలక్ష్మమ్మ లేచి వచ్చి చీర ఆమె చేతిలో కుక్కేసింది. "పుచ్చుకో నర్సమ్మా. ఎవరడిగినా మా ఇంట్లో పురుడు పోసినందుకు ఇచ్చారని సెప్పు. సిగ్గెందుకు?"

సుభద్రమ్మ ఆ చీరతో ఇంటికి పోలేదు. తిన్నగా ఊరి చివరికి నడిచింది. చిన్నతల్లి తన గుడిసె చూరు కింద కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తోంది. సుభద్రమ్మ చీర తీసి ఆమె ఒళ్ళో పెట్టింది.

"ఇది నీది, చిన్నతల్లమ్మా. నేను కట్టుకుంటే నా ఒళ్ళు మండిపోతాది."

ముసలిది చెయ్యి కొంగుకి తుడుచుకుని అంచు తడిమి చూసింది. నూలు మంచిదే అంది. మడత చెడకుండా తిరిగి ఇచ్చేసింది. నీకిచ్చినారు, నువ్వే కట్టుకో అంది. ఎంత బతిమాలినా ముట్టలేదు.

సుభద్రమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ప్రాణాలు నిలబెట్టిన మనిషి పేడ అలికిన అరుగు మీద పిక్కలు తీసుకుంటోంది, తనకేమో పొగడ్తలు. ఇక ఆగలేకపోయింది. రేపు పొద్దున్నే షావుకారింటికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పేస్తాననీ, ఉద్యోగం పోతే పోనీ అనీ అంది. ఆ మాట అన్నాక పదకొండు రోజుల తరవాత మొదటిసారి గుండె తేలికపడింది.

చిన్నతల్లి చేతిలో చింతపండు జారిపోయింది.

"అంత పని సెయ్యకు తల్లీ," అంటూ గబగబా లోపలికి వెళ్ళింది. రేకుపెట్టె తెరిచిన చప్పుడైంది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతుల్లో ఎర్రంచు పొందూరు చీర ఉంది.

"కోడలు అంతా సూసి అత్తకి సెప్పీసినాదంట. షావుకారింట్లో మంత్రసాని పురుడంటే నామోషీ గదా, సర్కారు నర్సే పోసినాదని ఊరంతా సెప్పమని మొన్ననే నాకిది ఇచ్చినారు. ఇప్పుడు నువ్వెళ్ళి నిజం సెప్పీసినావంటే, నా సీర ఎనక్కి లాగేసుకుంటారు."