డౌట్ల చౌడక్క

"అది కాదు మేడమ్మా, ఎక్స్ అంటే అయిదని తెలిసిపాయ గదా. ఇంగా దాన్ని ఎక్స్ అనే పిలుస్తాండారు ఏంటికి?"

చౌడక్క లేచి నిలబడి అడిగింది. తరగతిలో ఆడవాళ్ళంతా నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

అరుణ చేతిలో చాక్‌పీసు ఆగిపోయింది. ఇది ప్రశ్నా, ఎగతాళా?

ధర్మవరంలో ఆదివారాలు నడిచే ఓపెన్ స్కూల్ పదో తరగతి అది. వచ్చేవాళ్ళంతా పెళ్ళిళ్ళయినవాళ్ళు. మగ్గం దిగి కొందరు, కూలి మానుకుని కొందరు. పదో తరగతి పాసైతే అంగన్‌వాడీ ఉద్యోగానికి అర్జీ పెట్టుకోవచ్చు. భయమల్లా లెక్కలంటేనే.

వాళ్ళ కోసమే అరుణ నోట్సు తయారుచేసింది. పాఠమంతా వరసగా రాసి, అసలైన ముక్కల దగ్గర ఖాళీ గీతలు వదిలి, జిరాక్సు తీయించి తలా ఒకటి పంచేది. తను బోర్డు మీద చెబుతూ ఉంటే వాళ్ళు ఆ ఖాళీలు నింపుకోవాలి.

చౌడక్క మాత్రం ఏ ఖాళీ నింపేది కాదు. ఆ కాగితంతో విసురుకునేది.

అసలామె పేరు హాజరుపట్టీలోనే లేదు. కోడలు సుచిత్రతో చెన్నేకొత్తపల్లి నుంచి బస్సులో వచ్చి, ఆ పిల్ల పక్కనే బెంచీ మీద అతుక్కుని కూర్చునేది.

కోడలికి కాపలా వచ్చిందని అరుణ మొదటిరోజే అనుకుంది.

అత్త నోరు తెరిచే ముందు ప్రతిసారీ సుచిత్ర ఆమె కొంగు పట్టుకుని లాగేది. చెవిలో ఏదో గొణిగేది. పాపం, కూర్చోమని బతిమాలుతోంది అనుకునేది అరుణ.

అయినా చౌడక్క లేచేది.

"మైనస్ ఈ పక్కనుంచి ఆ పక్కకు పోతానే ప్లస్ ఎట్లయితాది మేడమ్మా? నడమ దానికేమయితాది?"

మళ్ళీ నవ్వులు.

త్రాసు బొమ్మ గీసి, మొదటినుంచీ చెప్పుకు రావాలి. ఇంతా చేస్తే చౌడక్క జవాబు విన్నట్టే ఉండేది కాదు. కిటికీలోంచి బయటికి చూస్తూ విసురుకునేది. అడగడమెందుకు, వినకపోవడమెందుకు? అరుణకు ఆమె ఏమాత్రం అంతుబట్టేది కాదు.

పరీక్ష దగ్గరపడుతోంది. పాఠాలు సగం కూడా కాలేదు.

ఒక ఆదివారం అరుణ ఉండబట్టలేక అడిగేసింది.

"చౌడక్కా, పరీక్ష నీకా, నీ కోడలికా?"

"దానికే మేడమ్మా. నాకేం పరీక్ష, ఈ వయసులో!"

"మరి ఈ రెండు గంటలన్నా ఆ పిల్లను వదిలిపెట్టొచ్చు కదా? నువ్వు పక్కనుంటే తను నోరే తెరవడం లేదు."

నవ్వులు ఆగిపోయాయి.

చౌడక్క కోడలి వైపు చూసింది. సుచిత్ర తల వంచుకుంది. మిగతావాళ్ళు కూడా ఎవరి కాగితంలోకి వాళ్ళు చూసుకున్నారు.

"అంతేలే మేడమ్మా," అంది చౌడక్క. "పాఠం గావాల గదా."

కాగితం మడిచి బొడ్లో దోపుకుని వెళ్ళిపోయింది.

మరుసటి ఆదివారం సుచిత్ర ఒక్కతే వచ్చింది. ఒక కోడలికి మంచి చేశాననిపించింది అరుణకు.

ఇక తరగతి తరగతిలా సాగింది. పక్క వీధి మగ్గాల చప్పుడు వినిపించేంత నిశ్శబ్దం. సంభావ్యత పాఠం ఒక్క గంటలో అయిపోయింది. అర్థమైందా అంటే అందరూ తలలూపారు. ఖాళీలన్నీ నిండాయి.

చివరి ఆదివారం ఒక చిన్న పరీక్ష పెట్టింది అరుణ. అసలు పరీక్ష ఎల్లుండే.

'రెండు నాణేలు ఎగరేస్తే ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడే సంభావ్యత ఎంత?'

అందరి కాగితాల్లో ఒకటే జవాబు. మూడింట ఒకటి. సగం అని ఒక్కరూ రాయలేదు.

"ఇదేంటమ్మా? నాలుగు రకాలుగా పడొచ్చని బోర్డు మీద రాశాను. మీరూ ఎక్కించుకున్నారు!"

వెనక బెంచీలోంచి మేరీ లేచింది. కూలికి పోయే మనిషి.

"బొమ్మా బొరుసూ పడినా, బొరుసూ బొమ్మా పడినా ఒకటే గద మేడం. దాన్ని రెండుసార్లు ఏంటికి లెక్కపెడతాండారో మాకు తెలీలేదు."

"ఆరోజే అడగొచ్చు కదా!"

"అడిగేటామె రాలేదు గద మేడం."

"ఎవరు, చౌడక్కా? ఆమె డౌట్లు ఆమెవి. మీవి మీరడగాలి."

మేరీ వింతగా చూసింది.

"ఆమెకు యాడి డౌట్లు మేడం? ఆమెకు పేరు రాసేది గూడా రాదు."

అరుణకు అర్థం కాలేదు.

"మాకు సిగ్గు మేడం. పిల్లల తల్లులయినారు, ఇది గూడా తెలీదా అంటారని. ఆయమ్మేమో, 'నాకు రాదని ఊరంతా తెలుసు, నాకేం సిగ్గు? నవ్వితే నన్ను చూసి నవ్వుకోండి' అనేది. మా డౌట్లన్నీ బెంచీ బెంచీ దాటించి సుచిత్ర చెవిన వేస్తాంటిమి."

"వచ్చే ఆదివారం ఆమెను..." అనబోయి అరుణ ఆగిపోయింది. వచ్చే ఆదివారం తరగతి లేదు.

సుచిత్ర చెయ్యి అలవాటుగా పక్కకు పోయి, ఖాళీ బెంచీని తడిమి, వెనక్కి వచ్చింది.

"మరి నువ్వు కొంగు పట్టుకుని లాగేదానివి కదమ్మా, కూర్చోమని?" అంది అరుణ.

ఆ తరగతిలో సుచిత్ర మొదటిసారి నోరు తెరిచింది.

"కూర్చోమని కాదు మేడం. లేచి అడగమని."